ఖుబానీ కా మీఠా

హైదరాబాదు నగరమున పెండ్లివిందులలో బిర్యానీ ముగిసిన పిదప అతిథుల ముందునకు ఒక చిన్న గిన్నె వచ్చును. అందు ముదురు తేనె వన్నె గల చిక్కని రసమును, ఆ రసములో మెత్తగా ఉడికిన పండ్లును, పైన తెల్లని మీగడయు, ఆ మీగడపై రెండు మూడు పప్పు బద్దలును కనబడును. ఇదియే ఖుబానీ కా మీఠా. మీఠా యనగా తీపి. ఖుబానీ యనునది ఒక పండు. ఆంగ్లమున దానిని ఆప్రికాట్ అందురు. మసాలాలతో ఘాటెక్కిన నోటికి ఈ పులితీపి ఎంతయో హాయి గూర్చును. ఘనమైన విందు తుదిలో వడ్డింపబడునది గనుక దీనిని చేయుట మిక్కిలి కష్టమని పలువురు తలంతురు. అది సరికాదు. ఓపికయు, పనుల వరుస తప్పని జాగ్రత్తయు ఉన్నచో సామాన్యమైన వంటయింటిలోనే దీనిని చక్కగా చేయవచ్చును.

ఈ వంటకమునందలి విచిత్రమేమనగా, దీనికి ఆధారమైన పండు దక్కను పీఠభూమిలో కాయదు. ఖుబానీ చెట్టు చలికాలమున ఆకులు రాల్చి నిద్రించును. అట్లు కొన్ని వందల గంటల కాలము గట్టి చలిలో నిద్రించిననే గాని వసంతమున చక్కగా పూయదు. హైదరాబాదు చలి దానికి చాలదు. లదాఖ్, కాశ్మీరము, హిమాచల ప్రదేశము, వానికి ఆవల అఫ్గానిస్థానము, ఇరాను, తుర్కీ మొదలగు చలిదేశములు దాని నివాసములు. తుర్కీలోని మలత్యా ప్రాంతము ఎండు ఖుబానీలకు ప్రపంచ ప్రసిద్ధము. అట్టి కొండల పండు మన వేడినేలపై, అదియు ఎండిన రూపముననే, విందునకు అలంకారమైనది.

దాని పేరులలోనే దాని ప్రయాణమంతయు ఉన్నది. పారసీకమున దీనిని జర్దాలూ అందురు. జర్ద్ అనగా పసుపుపచ్చ, ఆలూ అనగా ఒక పులితీపి పండు. తెలుగువారికి ఆలూ అనగానే బంగాళాదుంప తోచును గాని, పారసీకుల ఆలూ వేఱు. మన అంగళ్లలో దొరకు ఆలూబుఖారా అను పేరు గూడ అట్టిదే. బుఖారా నగరపు ఆలూ అని దాని అర్థము. ఇక శాస్త్రజ్ఞుల పేరు మఱియొక కథ చెప్పును. ఈ పండు ఆర్మీనియా దేశమునుండి వచ్చినదని పూర్వము రోమనులు తలచిరి. ఆ నమ్మకమునే అనుసరించి లిన్నేయస్ పండితుడు 1753లో దీనికి ప్రూనస్ అర్మేనియాకా అని పేరు పెట్టెను. నిజమునకు దీని పుట్టినిల్లు మధ్య ఆసియా, చైనా దేశముల కొండలని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయము. పేరు మాత్రము మాఱలేదు. ఈ చెట్టు గులాబి కుటుంబమునకు చెందినది. బాదము, పీచు, ఆలూబుఖారా దీనికి దగ్గఱి చుట్టములు. బాదముతో గల చుట్టఱికమును గుర్తుంచుకొనవలెను; దానితో ముందు పని యున్నది.

లదాఖ్‌లో ఖుబానీని చులీ అందురు. ఏప్రిల్ నెలలో చెట్లు తెల్లగా, లేత గులాబి వన్నెతో పూయును. జూలై, ఆగస్టు నెలలలో కాయలు పండును. పండిన ఖుబానీ మిక్కిలి సుకుమారము. నూఱు పాళ్లలో సుమారు ఎనుబదియైదు పాళ్లు నీరే. కొన్ని దినములకంటె నిలువదు. కొండదారులలో దూరపు బజారులకు చేరులోపలనే చితికిపోవును. అందుచేత అచ్చటివారు పండ్లను ఇండ్ల కప్పులపైనను, బండలపైనను పఱచి ఎండబెట్టుదురు. అచ్చట వానలు అరుదు, గాలి పొడి, ఎండ తీక్షణము. ఆఱు నెలలు మంచు కమ్మియుండు నేలలో ఆ ఎండుపండ్లే శీతకాలపు ఆహారము, అమ్మినచో నాలుగు రూకలు తెచ్చు సరకు.

బజారులో ఎండు ఖుబానీలు రెండు విధములుగా దొరకును. ఒక విధము మెఱయు నారింజ వన్నెతో, మెత్తగా, టెంక తీసివేయబడి యుండును. వానికి గంధకపు పొగ పట్టింతురు. ఆ పొగ పండు నల్లబడకుండ కాపాడును. రెండవ విధము పొగ పట్టింపక ఎండలో ఎండినది. గోధుమ వన్నె గలిగి, ముడుతలు పడి, లోపల టెంకతోనే యుండును. దూరమునుండి చూచినచో కుంకుడుకాయలని భ్రమ కలుగును. అందము మొదటిదానిదైనను, హైదరాబాదీ మీఠాకు తగినది ఈ రెండవదే. దీనిలో రుచి చిక్కగా నుండును. పైగా టెంకయు వెంట నుండును. హైదరాబాదులోని బేగంబజారువంటి చోటులలో ఇవి బస్తాలతో అమ్మకమునకు ఉండును. కొనునపుడు ఒక పండును విడదీసి చూడవలెను. పురుగు పట్టిన పొడిగాని, పాతబడిన వాసనగాని ఉన్నచో వదలివేయుట మేలు.

ఆఱుగురికి సరిపడు మీఠాకు టెంకతో గూడిన ఎండు ఖుబానీలు 250 గ్రాములు, పంచదార 100 గ్రాములు మొదలు 150 గ్రాముల వఱకు, ఏలకులు నాలుగు, అంగుళము దాల్చినచెక్క, కొంచెము నిమ్మరసము, చిక్కని మీగడ ఒక గిన్నెడు కావలెను. కుంకుమపువ్వు ఉన్నచో నాలుగు రేకలు. లేకున్నను లోపము లేదు.

పని ముందునాటి రాత్రియే ఆరంభమగును. పండ్లను రెండు మాఱులు కడిగి, పైన రెండు వ్రేళ్ల ఎత్తు నిలుచునట్లు నీరు పోయవలెను. సుమారు ముప్పావు లీటరు పట్టును. ఎనిమిది మొదలు పది గంటల వఱకు వానిని కదలింపరాదు. తెల్లవారుసరికి కుంకుడుకాయవంటి పండు నీరు త్రాగి, ముడుతలు విప్పుకొని, నిగనిగలాడుచుండును. ఎండ తీసికొనిపోయిన నీటిని మఱల ఇచ్చుటయే ఈ వంటలో మొదటి పని, ముఖ్యమైన పని.

తొందరగలవారు కొందఱు ఇచ్చటనే పొరపడుదురు. ఎట్లును తీపి వేయవలసినదే గదా యని నానబెట్టు నీటిలోనే పంచదార కలుపుదురు. అట్లు చేసిన పండు ఎంత సేపు ఉడికించినను తోలువలె సాగును గాని మెత్తబడదు. దీనికి కారణము ఊరగాయ పెట్టు ఇండ్లలో పెరిగిన పిల్లలకు సులభముగా తెలియును. మామిడిముక్కలపై ఉప్పు చల్లినచో ముక్కలోని నీరు బయటికి ఊరును; ముక్క ముడుచుకొనును. పలుచని ద్రవమునుండి చిక్కని ద్రవమువైపునకు నీరు పలుచని పొరలగుండ ప్రయాణము చేయుట ప్రకృతి ధర్మము. ఫ్రెంచి దేశీయుడైన నోలే 1748లో ఒక పాత్రలో మద్యసారము పోసి, దాని మూతిని పంది మూత్రాశయపు పొరతో బిగించి, నీటిలో ముంచి చూచెను. నీరు పొరగుండ లోనికి పోయి, పొర ఉబ్బెను. ఎండు ఖుబానీలో సహజమైన పంచదార మిక్కుటముగా నున్నది. చుట్టును మంచినీరు మాత్రమే యున్నచో ఆ నీరు పండులోనికి దూరును. చుట్టును పాకమే యున్నచో నీటికి లోనికి పోవలసిన పని లేదు. నాలుగు కిస్మిస్ పండ్లను మంచినీటిలోను, మఱి నాలుగింటిని చిక్కని పాకములోను రాత్రి వేసి ఉదయమున పోల్చి చూచినచో ఈ సంగతి కంటికి కనబడును.

ఎండినపుడు పండు కణముల పొరలు కొంత చెడియుండును గనుక, నీరు లోనికి పోవుటయే కాక, లోపలి తీపియు పులుపును కొంత బయటికి వచ్చును. కావున నానిన నీరు తియ్యగా, లేత తేనెరంగుతో నుండును. దానిని పారబోయుట వంటకములో సగము పారబోయుటయే. పలుచని గుడ్డలో వడగట్టి ఇసుక తీసి, ఆ నీటితోనే వండవలెను.

నానిన పండ్లను వ్రేళ్లతో మెల్లగా విప్పి టెంకలను తీయవలెను. టెంకలను కడిగి, తుడిచి, ఆఱనిచ్చి, సన్నికల్లుపై నిలువుగా నిలిపి చిన్న రాతితో అంచున కొట్టినచో పెంకు రెండుగా చీలును. లోపల చిన్న బాదముపప్పువంటి పప్పు కనబడును. అదియే గిన్నెలో మీగడపై అమరు పప్పు. పండును వండి, దాని టెంకలోని పప్పుతోనే దానిని అలంకరించుట ఈ వంటకమునకు గల ముచ్చట.

ఈ ముచ్చటలోనే ఒక అపాయము దాగియున్నది. ఖుబానీ జాతులలో కొన్నింటి పప్పు తియ్యగా, మఱికొన్నింటి పప్పు చేదుగా నుండును. లదాఖ్‌లో తీపి పప్పుకు ప్రసిద్ధమైన రక్త్‌సే కార్పో అను జాతి యున్నది. తెల్లని గింజ గలదని ఆ పేరునకు అర్థము. బజారు బస్తాలో మాత్రము పలు తోటల పండ్లు కలిసి రావచ్చును. పెంకును చూచి పప్పు ఎట్టిదో చెప్పుట కష్టము. చేదు పప్పులో అమిగ్డలిన్ అను పదార్థము అధికముగా నుండును. దీనిని 1830లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు చేదు బాదమునుండి వేఱుచేసిరి. 1837లో లీబిగ్, వోలర్ అను జర్మను పండితులు దాని నడతను వివరించిరి. పప్పు చెదరనంత వఱకు అమిగ్డలిన్ ఊరకయే యుండును. నమిలినపుడుగాని, నీటితో నూఱినపుడుగాని, ఆ పప్పులోనే వేఱుగా నున్న మఱియొక పదార్థము దానిని తాకి విడగొట్టును. అపుడు చక్కెరయు, ఘుమఘుమలాడు బాదము వాసన గల ద్రవ్యమును, వానితో బాటు హైడ్రోజన్ సయనైడ్ అను ఘోరమైన విషమును పుట్టును. మనస్సును ఆకర్షించు ఆ పరిమళమును, ప్రాణము తీయగల ఆ విషమును ఒక్క చోటనే పుట్టుట చిత్రము. చెట్టు తన గింజను జంతువులు కొఱికి తినకుండ కాచుకొను ఉపాయమిది. చేదు దాని హెచ్చరిక.

ఎంత తిన్న అపాయమో గూడ తెలిసికొనదగినది. పచ్చి ఖుబానీ పప్పులను గూర్చి ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో ఒక అభిప్రాయము ప్రకటించెను. దాని ప్రకారము, పెద్దవారు ఒక మాఱు చిన్న పప్పులు మూడింటికంటె ఎక్కువ తిన్నచో సురక్షితమైన హద్దు దాటవచ్చును. పసిబిడ్డకు ఒక్క చిన్న పప్పే హద్దు దాటింపవచ్చును. కావున పప్పుల పరీక్ష పెద్దల పని, పిల్లలది కాదు. ఒక్కొక్క పప్పునుండి గోటి చివరంత తునక త్రుంచి నాలుక కొనపై ఉంచి చూడవలెను. ఏమాత్రము చేదు తగిలినను ఆ తునకను ఉమిసి, నోరు కడిగికొని, ఆ పప్పును పారవేయవలెను. ఉడికించినచో విషము పోవునులే యని చేదు పప్పును వాడుట తెలివి కాదు. ఎంత పోయినదో, ఎంత మిగిలినదో వంటయింటిలో కొలుచు సాధనము లేదు. అనుమానము కలిగినచో, లేదా ఈ శ్రమకు ఓపిక లేనిచో, బజారులోని బాదముపప్పులను నానబెట్టి, పొట్టు తీసి, బద్దలు చేసి చల్లవచ్చును. చూపులో తేడా కనబడదు. నేడు అనేకులు ఇట్లే చేయుచున్నారు.

ఇక పొయ్యి పని. అడుగు మందముగా నున్న ఉక్కు గిన్నె శ్రేష్ఠము. ఖుబానీ పులుపు గల పండు గనుక, కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలు పనికిరావు. పులుపు లోహమును కరగించి వంటకమును చెఱచును. టెంక తీసిన పండ్లను, వడగట్టిన నీటిని, దాల్చినచెక్కను గిన్నెలో వేసి, ఒక పొంగు వచ్చిన వెంటనే సెగ తగ్గించవలెను. నీరు కుతకుత ఉడుకరాదు. అంచులలో అప్పుడొకటి అప్పుడొకటి బుడగ లేచుచున్న చాలును. పెద్ద సెగపై పండు చిట్లి, తొక్క ఒకచోట, గుజ్జు ఒకచోట తేలును. సన్నని సెగపై పండు తన ఆకారమును విడువక లోపల మెత్తబడును. పండులోని కణములను ఒకదానితో ఒకటి అంటించియుంచునది పెక్టిన్ అను జిగురు. వేడికి అది మెల్లమెల్లగా కరగి రసములో కలియును. అందుచేతనే పండు మెత్తబడును, రసము చిక్కబడును; ఒకటే పని రెండు ఫలములనిచ్చును.

ఇరువది నిమిషములకు ఒక పండును గరిటె వెనుకతో నొక్కి చూచినచో వెన్నవలె అణగవలెను. అప్పుడు, అప్పుడే, పంచదార వేయవలెను. ముందుగా వేసినచో అది పెక్టిన్‌ను తొందరగా కరగనీయదు. పండు గట్టిగానే నిలిచిపోవును. వెనుక వేసినచో అదే గుణము మేలు చేయును: మెత్తబడిన పండు ఇక చితికిపోకుండ నిలుచును. పంచదార అంతయు ఒక్కమాఱు గుమ్మరింపక, సగము వేసి, కరగిన పిదప రుచి చూచి, తక్కినది వేయుట మంచిది. కొన్ని పండ్లు మిక్కిలి పుల్లగాను, కొన్ని సహజముగానే తేనెవలెను ఉండును. కొలత ఎంత చెప్పినను నాలుకయే తుది తీర్పరి. తీపి మితిమీరినట్లు తోచినచో నాలుగు చుక్కల నిమ్మరసము దానిని దారికి తెచ్చును.

పండ్లన్నియు నిండుగా నుంచవలెనా, చిదుమవలెనా యను విషయమున ఇంటింటికి ఒక మతము. కొందఱు అన్నిటిని మెదిపి హల్వావలె చేయుదురు. సగము నిండుగా నుంచి, సగము మెదుపుట అన్నిటికంటె బాగుగా నుండును. రసమునకు చిక్కదనము వచ్చును, పంటి క్రింద పండు తగులును.

సుగంధ ద్రవ్యములకును వేళ కలదు. దాల్చినచెక్క వాసన బెరడు లోపల గట్టిగా బంధింపబడి యుండుటచే మొదటినుండి ఉడుకవలెను. ఏలకుల వాసన చులకనైనది. ఎక్కువ సేపు మరగినచో ఆవిరితో గాలిలో కలిసి, ఇల్లంతయు ఘుమఘుమలాడును గాని గిన్నెలో మిగులదు. కావున ఏలకుల పొడిని దింపుటకు ముందు వేసి మూత పెట్టవలెను. కుంకుమపువ్వును రెండు చెంచాల గోరువెచ్చని నీటిలో నానబెట్టి, రంగు దిగిన పిదప కలుపవలెను. లవంగము వేయువారు ఒకటి రెండింటితో ఆగుట మంచిది. లవంగము ఎక్కువైనచో ఖుబానీ తన వాసనను పోగొట్టుకొని పంటినొప్పి మందును తలపునకు తెచ్చును.

పంచదార వేసిన పిదప పది నిమిషములకు దింపవచ్చును. తీగపాకము వచ్చువఱకు కూర్చుండరాదు. పెక్టిన్ కలిసిన రసము చల్లాఱినకొలది చిక్కబడును. పొయ్యిమీదనే సరిగా చిక్కబడినట్లు కనబడినచో, చల్లాఱునప్పటికి అది ముద్ద యగును. చల్లని పళ్లెముపై ఒక చుక్క వేసి వాల్చి చూచినచో, అది నీరువలె పరుగెత్తక, నిలిచియు పోక, సోమరిగా జారవలెను. అదియే గుర్తు.

చల్లాఱిన మీఠాను ఆ పూటనే తినవచ్చును గాని, మఱునాటికి దాని రుచి ఇనుమడించును. రాత్రియంతయు పండులోని పులుపు రసములోనికి, రసములోని తీపి పండులోనికి మెల్లగా చేరును. ఐనను దీనిని జాముతోగాని, ఉసిరిక మురబ్బాతోగాని పోల్చి నెలల తరబడి దాచరాదు. జాములో నూఱు పాళ్లకు సుమారు అఱువదియైదు పాళ్లు పంచదార యుండును. అంత చిక్కని తీపిలో సూక్ష్మజీవులకు నీరు చిక్కదు, అవి పెరుగజాలవు. మీఠాలో తీపి అందులో సగమును ఉండకపోవచ్చును. శీతలపేటికలో మూత పెట్టి యుంచినచో మూడు నాలుగు దినములు నిలుచును. ఎంగిలి చెంచాగాని, తడి చెంచాగాని తగిలినచో అంతయు నిలువదు.

వడ్డించునపుడు చిన్న గిన్నెలలో పండ్లను రసముతో పోసి, గేదెపాల మీగడను పైన పఱచి, పప్పు బద్దలను నాటుదురు. మీగడ అందమునకు మాత్రమే కాదు. దానిలోని కొవ్వు పులుపు తీక్ష్ణతను మృదువుగా చేయును. కస్టర్డు, ఐస్‌క్రీము చేర్చి పెట్టుట నేటి భోజనశాలలలో వాడుక యైనది; పిల్లలకు అది ఇష్టమే గాని, చిక్కని మీగడ ముందు అవి వెలవెలబోవును.

హైదరాబాదు వంటయింటిలో చివరకు మిగులునవి పగిలిన పెంకులును, పారవేయవలసిన చేదు పప్పులును మాత్రమే. లదాఖ్ గ్రామములలో వానికిని పని కలదు. అచ్చట చేదు పప్పులనుండి నూనె తీసి జుట్టునకు, చర్మమునకు రాచుకొందురు, దీపములలో పోయుదురు. వంటచెఱకు అరుదైన ఆ చలినేలలో పెంకులను పొయ్యిలో వేసి మండింతురు.